చెయ్యి బయటిదైనా చూపు ఇంటిదే

విజయవాడ

చి.ల.సౌ. మేనకోడలికి,

నీ పొడుగాటి మెసేజ్ చదివాను. ఫోన్లో చెబితే సగం చెవిన పడి సగం గాల్లో పోతుందని కాగితం మీద పెడుతున్నాను. దాచుకుని, పని పడినప్పుడు తీసి చూసుకో.

మీ పచ్చళ్లు, పొడుల లేబుల్ పని హైదరాబాద్ డిజైనర్ కుర్రాడికి ఇస్తే వారాలు గడిచినా రావడం లేదనీ, నెలకు 25,000 ఇచ్చి రాజమండ్రిలోనే ఒక డిజైనర్‌ని పెట్టుకుంటే పీడా పోతుందనీ రాశావు. ముందు నా మాట చెప్పేస్తాను, కారణాలు తర్వాత చదువుకో. ఇప్పుడప్పుడే మనిషిని పెట్టుకోకు. బయటే చేయించు. కాకపోతే నువ్వు బయటికిచ్చే పద్ధతి మార్చుకోవాలి. గీసే చెయ్యి ఎవరిదైనా ఫరవాలేదు. ఏది బాగుందో, ఏది మన సరుకుకు నప్పదో చెప్పే చూపు మాత్రం నీ దగ్గరే ఉండాలి. ఇన్నేళ్లు ప్రెస్సులో కూర్చుని, వచ్చేపోయే లేబుళ్లు చూసి నాకు అర్థమైంది ఇదొక్కటే.

లెక్క చూడు. నెలకు 25,000 అంటే పనిదినాలు పాతికనుకున్నా రోజుకు వెయ్యి. దానిమీద డిజైన్ పనికి తట్టుకునే కంప్యూటర్, సాఫ్ట్‌వేర్ చందా, దసరా బోనస్. నీ దగ్గర ప్రతిరోజూ వెయ్యి రూపాయల డిజైన్ పని ఉందా? ఉండదు. మొదటి రెండు నెలలు ఉత్సాహంగా అన్నీ మార్పిస్తావు. మూడో నెల నుంచి పెట్టుకున్న డిజైనర్ అమ్మాయి చేత కొరియర్ పార్సిళ్లు కట్టిస్తావు. చెయ్యి తిరిగిన పిల్ల అయితే ఏడాది తిరక్కుండా వెళ్లిపోతుంది, చెయ్యి తిరగనిదైతే నేర్పడానికి మీ ఇంట్లో ఆ విద్య తెలిసినవాళ్లు లేరు. ఆమెకూ నష్టం, నీకూ నష్టం.

నీ పనులు మూడు రకాలు. లోగో, పౌచ్, సీసా లేబుల్, గిఫ్ట్ బాక్సు ఏళ్ల తరబడి నిలవాల్సినవి. వీటికి బాగా చేసేవాళ్లను వెతికి, అడిగినంత ఇచ్చి బయటే చేయించు. ఆవకాయ సీజను, దసరా, సంక్రాంతి పోస్టర్లు ఏడాదికి కొన్నిసార్లు వచ్చేవి. అవి కూడా అదే మనిషికి ఇవ్వు, లేకపోతే ఒక్కో పండక్కి ఒక్కో మొహం వస్తుంది. ఇక వాట్సాప్ స్టేటస్, ఇన్‌స్టాగ్రామ్ పోస్టు, ధరల పట్టిక రోజువారీవి. వీటికి డిజైనర్ అక్కర్లేదు. ఆ డిజైనర్ చేతే కాన్వాలో నాలుగైదు టెంప్లేట్లు చేయించుకుంటే ఫొటో, ధర మార్చే పని మీ ఆర్డర్లు చూసే పిల్ల చేస్తుంది. పెళ్లి వంటకు వంటబ్రాహ్మణ్ణి పిలుస్తాం గానీ, రోజూ చారు పెట్టడానికి పిలవం కదా!

పౌచ్ సంగతి కాస్త వివరంగా చెబుతాను. నీ డబ్బు ఇరుక్కునేది అక్కడే. రంగుల పౌచ్‌లు అచ్చయ్యేది ఎక్కువగా రోటోగ్రావ్యూర్ మీద. దానికి రంగుకొక సిలిండర్ చెక్కాలి. మామూలు నాలుగు రంగులకు నాలుగు, కింద తెలుపు వెయ్యాలంటే ఐదోది. కరివేపాకు పొడికో సెట్టు, కందిపొడికో సెట్టు, నల్లకారానికో సెట్టు అంటే సిలిండర్లకే పెట్టుబడి కరిగిపోతుంది. పైగా కనీసం ఇంత సరుకు తీసుకోవాలంటారు. బుద్ధిగల డిజైనర్ ఏం చేస్తాడంటే, అన్ని పొడులకూ ఒకటే పౌచ్ గీసి, ముందువైపు ఖాళీ వదిలి, పేరు, దినుసులు, ధర వేరే స్టిక్కర్ మీద పెడతాడు. రేపు మునగాకు పొడి మొదలుపెట్టినా స్టిక్కర్ ఒక్కటే కొత్తది. ఇలాంటి సలహా ఇవ్వగలిగినవాడు రెట్టింపు అడిగినా చవకే. ఐదొందలకు లోగో చేస్తానన్నవాడి దగ్గరికి మాత్రం వెళ్లకు. వాడు ఎక్కడో దొరికిన మిరపకాయ బొమ్మను దించి ఇస్తాడు. అదే మిరపకాయ ఇంకో ఊళ్లో ఇంకో సీసా మీద ఉంటుంది.

పౌచ్ తర్వాత జాగ్రత్త పడాల్సింది తెలుగు దగ్గర. బయటి రాష్ట్రం డిజైనర్ చేసిన లేబుల్ ఒకటి మా ప్రెస్సుకు వచ్చింది. రంగులు, బొమ్మ ముచ్చటగా ఉన్నాయి. పేరు మాత్రం ‘పచ్‌చడి’ అని ఉంది. చ కింద చావత్తు ఊడి పక్కన కూర్చుంది. ఇలస్ట్రేటర్‌లో మన భాషలకు పనికొచ్చే కంపోజర్ ఎంచుకోకపోతే వత్తులన్నీ అలా విడిపోతాయి. చదవడం రానివాడికి అది తప్పని ఎలా తెలుస్తుంది? చూసి ఓకే అన్నది ఓనర్‌గారే. ఫోన్లో చిన్న బొమ్మ చూసి, రంగు బాగుందని బొటనవేలు పెట్టేశారు. మా కుర్రాడు ప్లేటుకు పంపేముందు పట్టుకున్నాడు కాబట్టి సరిపోయింది. అందుకని లేబుల్ అసలు సైజులో ప్రింటు తీయించి, అక్షరం అక్షరం నువ్వే చదువు. తర్వాత ఈ పనితో సంబంధం లేని ఇంకొకరి చేత చదివించు. ఫాంట్ల విషయంలోనూ జాగ్రత్త. సిలికానాంధ్ర వాళ్లు విడుదల చేసిన మండలి, రామభద్ర, సూరన్న, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు వ్యాపారానికి వాడుకున్నా లైసెన్సు డబ్బు కట్టక్కర్లేదు. ఎక్కడివో తెలియని ఫాంట్లు వాడనివ్వకు.

ఇక లేబుల్ మీద ఉండాల్సిన వివరాలు: దినుసుల జాబితా బరువు ప్రకారం ఎక్కువదాని నుంచి తక్కువదాకా, 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు, పచ్చచుక్క గుర్తు, నికర బరువు, ఎమ్మార్పీ, తయారీ తేదీ, బ్యాచ్ నంబరు, ఫిర్యాదులకు ఫోన్ నంబరు, వీటన్నిటి పూచీ నీది. ఇన్‌స్పెక్టర్ వచ్చి డిజైనర్ ఎవరని అడగడు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసి డిజైనర్‌కి ముందే ఇవ్వు, వాణ్ణి వెతుక్కోమనకు.

బయటివాళ్లకు మన సరుకు మీద ప్రేమ ఎందుకుంటుందని రాశావు. ఎయిరిండియా మహారాజాను చూడు. 1946లో ఆ ఆలోచన కంపెనీ ఆఫీసరు బాబీ కూకాది. బొమ్మ గీసింది జె. వాల్టర్ థామ్సన్ అనే యాడ్ ఏజెన్సీలోని ఉమేష్ రావు. చూపు లోపలిది, చెయ్యి బయటిది. అమూల్ పాప సంగతీ అంతే. 1966లో సిల్వెస్టర్ డకున్హా, యూస్టేస్ ఫెర్నాండెజ్ తయారుచేశారు. పాల సంఘం ఉద్యోగులు కారు వాళ్లు. అమూల్‌ను నడిపిన కురియన్‌గారు వాళ్లను నమ్మి స్వేచ్ఛ ఇచ్చారు, ఏజెన్సీని మాటిమాటికీ మార్చలేదు. అందుకే ఇన్ని దశాబ్దాలుగా ఆ పాప గౌనుమీద చుక్కలు మనం గుర్తుపడుతున్నాం. ఏడాదికొక డిజైనర్‌ని మార్చేవాళ్లకు ఆ గుర్తింపు రాదు.

ఇప్పుడు చట్టం. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం జీతానికున్న ఉద్యోగి ఆ ఉద్యోగంలో భాగంగా చేసింది, వేరే ఒప్పందం లేకపోతే, యజమానిదే. లోగో, లేబుల్ లాంటివి బయటివాడు చేస్తే, నువ్వు డబ్బు ఇచ్చినా, హక్కు రాసిచ్చేదాకా మామూలుగా వాడిదే. సంతకంతో కాగితం ఉండాలి. అందులో గడువు రాయకపోతే ఐదేళ్లకే చెల్లుతుంది, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే. నీ ఆవకాయ డల్లాస్ దాకా వెళుతోంది కాబట్టి ‘కాపీరైట్ ఉన్నంతకాలం, ప్రపంచమంతటా’ అని రాయించుకో. బయటికివ్వడంలో ఉన్న పెద్ద చిక్కు ఇదే, ఒక్క పేజీతో తీరిపోతుంది. ఆ తర్వాత ట్రేడ్‌మార్క్‌కు దరఖాస్తు పెట్టు. చిన్న సంస్థలకు ఆన్‌లైన్‌లో క్లాసుకు 4,500. పచ్చళ్లు 29వ క్లాసు, పొడులు 30వ క్లాసు, కనుక రెండు ఫీజులు. రిజిస్ట్రేషన్ పదేళ్లుంటుంది, తర్వాత పొడిగించుకోవచ్చు.

ఆఖరి వాయిదా ఇచ్చేముందు ఓపెన్ ఫైలు, అక్షరాలు కర్వ్స్ చేసిన ఫైలు, ప్రింటు పీడీఎఫ్, అసలు ఫొటోలు అన్నీ నీ డ్రైవ్‌లోకి చేరాలి. వెబ్‌సైట్, ఇన్‌స్టాగ్రామ్ పాస్‌వర్డులు నీ దగ్గరే ఉండాలి. చాలామంది చిన్న వ్యాపారులు డిజైనర్ మీద అలిగాక తెలుసుకుంటారు, తమ లోగో తమ దగ్గర లేదని.

హైదరాబాద్ కుర్రాడి ఆలస్యం గురించి కూడా ఒక మాట. నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. మీ మరిది ఎరుపు పెంచమన్నాడు, మీ ఆయన తగ్గించమన్నాడు, నువ్వు ‘ఇంకొంచెం రిచ్‌గా’ అన్నావు. వాడు ఎవరి మాట వినాలి? సవరణలు ఒక్కరే చెప్పాలి, అదీ నువ్వే. ఎవరు కొంటారు, షాపు అరల్లో చూసి కొంటారా ఫోన్లో చూసి కొంటారా, ఏ సైజు, ఏ తేదీకి కావాలి అని ముందే ఒక పేజీ రాసివ్వు. రెండు విడతల సవరణలకు ఒప్పుకో, మూడోదానికి డబ్బివ్వు. సగం అడ్వాన్సు ఇచ్చి మిగతాది పని అందిన రోజే పంపు. వేళకు డబ్బిచ్చేవాళ్ల పనే ఎవరైనా ముందు ముట్టుకుంటారు.

మరి మనిషిని ఎప్పుడు పెట్టుకోవాలి? రోజూ కొత్త సరుకు దిగే వ్యాపారానికి మనిషి ఇంట్లోనే కావాలి. మంగళగిరి చీరల కొట్టు చూడు, వచ్చిన ప్రతి చీరకూ ఫొటో, రంగు సరిచూడటం, అదేరోజు పోస్టు. అది బయటికి పంపితే చీర అమ్ముడయ్యాక పోస్టు వస్తుంది. నీకూ ఆ రోజు రావచ్చు. ఆరు నెలల పాటు బయటికి కట్టిన డిజైన్ బిల్లులు ఒక పుస్తకంలో రాయి. సగటున నెల జీతాన్ని దాటుతూ, చాలావరకు రోజువారీ పనే ఉంటే అప్పుడు పెట్టుకో. అప్పుడు కూడా ఒట్టి డిజైనర్‌ని కాదు, ఫొటో తీయడం, తెలుగు తప్పుల్లేకుండా రాయడం వచ్చినవాళ్లను చూడు. లోగో, పౌచ్ లాంటి పెద్ద పనులు మాత్రం పాత మనిషికే ఉంచు.

ఆవకాయ సీజను దగ్గరికొస్తోంది. ఈ వారంలో చెయ్యాల్సినవి రెండే. ఆ హైదరాబాద్ కుర్రాడితో కూర్చుని హక్కుల కాగితం రాయించుకో, ఫైళ్లన్నీ తెచ్చుకో. కొత్త స్టిక్కర్ ప్రూఫు తయారయ్యాక ప్రింటు తీసి నాకూ ఒకటి కొరియర్ చెయ్యి, వత్తులు నేనూ చూస్తాను.

ఆశీస్సులతో,
మీ మావయ్య