పాత కంప్యూటరు కనబడకపోయినప్పుడు

మన సంఘ కార్యాలయములలోను, మగ్గములు నడపు ఇండ్లలోను ఇప్పుడు రెండు మూడు కంప్యూటర్లుండుట మామూలైనది. లెక్కలకు ఒకటి, బిల్లులకు ఒకటి, జకార్డు డిజైనులకు ఒకటి. వీనిలో డిజైనులదే తరచుగా అన్నిటికంటె పాతది. అట్టలు కొట్టు యంత్రమును నడపు సాఫ్టువేరు దానిలో తప్ప వేరొకదానిలో పనిచేయదు గనుక దానిని తీసివేయుటకు ఎవరికిని మనసొప్పదు. ఒకనాడు అది కొత్త కంప్యూటరు తెరమీద కనబడకపోవును. పోయిందని ఎవరో అందురు. పోలేదు, ఎదుటి బల్లమీద దాని దీపము వెలుగుచునే యున్నది.

మాకు ఇట్లే జరిగినది. విండోస్ 7 ఉన్న లెక్కల కంప్యూటరును విండోస్ 10కు మార్చించితిమి. డిజైనులది విండోస్ ఎక్స్‌పి. మార్చిన మొదటి రోజున రెండును చక్కగా కలిసినవి. తరువాత కొన్ని వారములు డిజైనులతో పని పడలేదు. ఒక వ్యాపారి పాత దుప్పటి అంచు కావలెనని, మూడు రోజులలో నమూనా చూపుమని అడిగినప్పుడు వెదకితిమి. పేరే లేదు. తీగ మార్చితిమి, స్విచ్చి మార్చితిమి, ఒక దినము పోయినది. మరమ్మతుకు వచ్చిన కుర్రవాడు, “అన్నా, పాతదానిని ఫార్మాటు చేసి కొత్తగా వేద్దాం” అన్నాడు. సరేనని యుంటే ఏండ్ల తరబడి గీయించిన డిజైనులన్నియు ఆ గంటలోనే తుడిచిపెట్టుకొని పోయెడివి. అందుచే ఈ పాఠము వ్రాయుచున్నాము.

పడుగులో పోగు తెగినదని నేతగాడు మగ్గమంతయు విప్పడు; తెగినచోటు చూచుకొనును. ఇక్కడను అంతే. మొదట తీగ దూర్చిన చోట చిన్న దీపము వెలుగుచున్నదో లేదో చూడవలెను. పిదప రెండు కంప్యూటర్లలోను నల్లతెర తెరచి ‘ఐపికాన్ఫిగ్’ అని కొట్టిన వాని అంకెలు వచ్చును. ఒకటి 192.168తోను రెండవది 169.254తోను మొదలైనచో, రెండవదానికి రౌటరు నుండి చిరునామా అందలేదన్న మాట. తప్పు తీగలోనో రౌటరులోనో ఉన్నది. తక్కిన అమరికలు ముట్టవద్దు.

అంకెలు సరిగా ఉన్నచో ‘పింగ్’ చేసి చూడవచ్చును. బదులు వచ్చిన దారి బాగున్నట్లే. రాకపోయినంత మాత్రమున దారి లేదనుకొనరాదు, ఫైర్‌వాల్ అడ్డుపడియుండవచ్చును.

ముఖ్యముగా గ్రహింపవలసినది ఒకటి. పేరు జాబితాలో కనబడుట వేరు, ఫోల్డరు తెరచుకొనుట వేరు. మనలో చాలమంది ఈ రెంటిని ఒకటిగా తలచి పొరపడుదురు. జాబితాలో లేకున్నను, పైనున్న చిరునామా గడిలో రెండు వెనుకవాలు గీతలు గీసి ఆ అంకెల చిరునామా కొట్టి చూడుడు. తెరచుకొన్నచో పని నడచినట్లే. దానిని డ్రైవుగా కట్టుకొని జాబితా సంగతి మరచిపోవచ్చును.

పాతది విండోస్ 7 అయినచో చిక్కు చిన్నది. రెండింటిలోను నెట్‌వర్కు ‘పబ్లిక్’ అని ఉన్నదేమో చూడవలెను. రౌటరు మార్చినప్పుడు తరచు అట్లగును. అప్పుడు కంప్యూటరు తన్ను తాను దాచుకొనును. కొత్తదానిలో ‘ప్రైవేట్’ అనియు, విండోస్ 7లో ‘వర్క్’ అనియు మార్చి, నెట్‌వర్క్ డిస్కవరీని తెరువవలెను. కనబడవలసిన దానిలో ‘ఫంక్షన్ డిస్కవరీ రిసోర్స్ పబ్లికేషన్’ అను సర్వీసును ‘ఆటోమేటిక్’ చేయవలెను. కనబడియు లోనికి రానీయనిచో పాతదానిలో ఒక యూజరు పేరు, సంకేతపదము ఏర్పరచుడు. విండోస్ 11లో 2024 నాటి 24హెచ్2 వచ్చినప్పటి నుండి సంకేతపదము లేని అతిథి రాకపోకలు ప్రో రకములో కూడ సాగవు.

ఎక్స్‌పి అయినచో కథ వేరు. అది ఎస్.ఎం.బి. 1 అను పాత భాష ఒక్కటే మాటాడును. 2017 చివర వచ్చిన విండోస్ 10 (1709) మొదలు ఆ భాషను కొత్తగా వేసిన కంప్యూటర్లలో పెట్టుట మానినారు. పాతదానిపై మార్పుచేసిన హోమ్, ప్రో రకములలో ఉంచినను, కంప్యూటరు నడచిన కాలములో మొత్తము 15 దినములు దానిని వాడకున్నచో అది తనంతట తాను తొలగిపోవును. మొదట కలిసిన మా రెండును తరువాత విడిపోవుటకు కారణమిదే. పాపము, తీగది ఏమి తప్పు!

ఆ భాషను మరల తెరచుటకు దారి ఉన్నది. పది నిమిషముల పని. చాలచోట్ల అదే చేయుచున్నారు. మేము వలదనుచున్నాము. 2017 మే 12న ‘వన్నాక్రై’ అను వైరసు ఆ కన్నము గుండానే 150కి పైగా దేశములలో కంప్యూటర్లకు తాళము వేసి డబ్బు అడిగినది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసు కార్యాలయముల కంప్యూటర్లును కొన్ని దానిలో చిక్కినవి. ఎక్స్‌పికి మైక్రోసాఫ్టు ఆదరణ 2014 ఏప్రిల్ 8తోనే ముగిసినది. ఆ ఒక్క కంప్యూటరు కొరకు లెక్కలు, సభ్యుల ఖాతాలు ఉన్న యంత్రమునకు తలుపు తెరచి పెట్టుట లాభసాటి బేరము కాదు.

మేము చేసినదిది. ఎక్స్‌పి నుండి నెట్‌వర్కు తీగ లాగివేసితిమి. డిజైనులన్నియు పెన్‌డ్రైవులోనికి ఎత్తి, కొత్త కంప్యూటరులో వైరసు పరీక్ష చేయించి, రెండు ప్రతులు దాచితిమి. 32 జీబీకి మించని పెన్‌డ్రైవు కొనుడు. అంతకంటె పెద్దవి ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో వచ్చును, ప్రత్యేకపు అప్‌డేటు వేయని ఎక్స్‌పి వానిని చదువలేదు. మా మొదటి 64 జీబీది అట్లే వెనుకకు పోయినది. కొత్త డిజైను వచ్చినప్పుడు పెన్‌డ్రైవులోనే మోసికొనిపోయి అట్టలు కొట్టించుచున్నాము. వ్యాపారికి నమూనా నాలుగవనాడు చూపితిమి. ఒక దినము ఆలస్యమైనందుకు రెండు మాటలన్నాడు గాని ఆర్డరు ఇచ్చినాడు.