పాడైన లాకులు, నిలిచిన పని

పఠించవలసిన భాగములు: నెహెమ్యా 2:11-18, 6:15, 7:4, 8:1-8



సంక్రాంతి సెలవులలో మా కుటుంబము నాలుగు దినములు ప్రయాణము చేసితిమి. గురువు సంఘమును విడిచి ఊళ్లు తిరుగుట ఏమిటని మీలో కొందరు అనుకొనియుండవచ్చును. పిల్లలు రెండేండ్లుగా అడుగుచుండిరి. హంపి చూడవలెనని మా అబ్బాయి కోరిక, పడవ ఎక్కవలెనని అమ్మాయి కోరిక. నలుగురము హంపి పోయివచ్చుటకు చేతిలో సొమ్ము చాలదు. కావున దగ్గరనున్న వాటినే చూతమని నిశ్చయించితిమి. మొదట మన దుమ్ముగూడెము లాకులు, పిమ్మట నేలకొండపల్లి పాత కట్టడములు, చివరకు పాపికొండల పడవ ప్రయాణము. ఈ ప్రయాణములో నాకు దొరికిన పాఠమును, దానితోకూడ నా తప్పును మీ ముందు పెట్టుచున్నాను.

1. మన ఊరి లాకులు

పుట్టినది మొదలు కంటి ఎదుట నున్న వాటిని మనము చూడము. పశువులను తోలుకొని పోవునప్పుడు లాకుల ప్రక్కనుండి ఎన్నిసార్లు పోలేదు? ఆ దినమున మాత్రము పిల్లలతో కూడ నిలిచి చూచితిమి. "నాన్నా, ఇంత గట్టి రాతి పనిని ఎవరు పాడుచేశారు?" అని అబ్బాయి అడిగెను. ఎవరును పాడుచేయలేదు, విడిచిపెట్టిరి అని చెప్పి, నాకు తెలిసిన చరిత్ర వివరించితిని.

ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసెను. దానిని కట్టించిన ఆర్థర్ కాటన్ దొరకు మరియొక ఆలోచన కలిగెను. నాసిక్ దగ్గర త్ర్యంబకమున పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రవహించు గోదావరిని పడవల దారిగా చేసినయెడల, నాగపూరు ప్రాంతపు ప్రత్తి నీటిమీదనే సముద్రతీరము చేరునని ఆయన తలంచెను. అయితే నదిలో మూడు చోట్ల బండలు అడ్డముగా నున్నవి. వాటిలో మొదటిది మన దుమ్ముగూడెము. రెండవది ఇంచంపల్లి దగ్గర, మూడవది ఇంకను పైన. వేసవిలో నీరు తగ్గినప్పుడు ఆ బండలమీదుగా పడవ నడువదు. కావున ఇక్కడ ఆనకట్ట కట్టి, ప్రక్కగా కాలువ త్రవ్వి, లాకులు పెట్టిరి.

లాకు అనగా రెండు తలుపుల నడుమ నున్న రాతి తొట్టి వంటిది. క్రిందినుండి వచ్చిన పడవ దానిలో ప్రవేశించగానే వెనుక తలుపు మూయుదురు. పై కాలువ నీటిని లోపలికి విడుతురు. నీటితోకూడ పడవ పైకి లేచును. నీరు సమమైనప్పుడు ముందరి తలుపు తెరచిన, పడవ సాగిపోవును. ఏ బలవంతుడును మోయలేని బరువును నీరు మెల్లగా ఎత్తును.

1861 మొదలు 1865 వరకు అమెరికాలో జరిగిన యుద్ధమువలన ఇంగ్లండు మిల్లులకు అక్కడి ప్రత్తి రాక తగ్గెను. అప్పుడు ఈ దారిమీద ఆశ మరింత పెరిగెను. అయితే పనికి సొమ్ము నీళ్లవలె ఖర్చగుచుండెను. అడవి జ్వరములు పనివారిని పీడించెను. ఇంతలో 1867లో బొంబాయినుండి రైలు నాగపూరు చేరెను. ప్రత్తికి వేరొక దారి దొరికెను. పైనున్న పని ముగియకమునుపే 1871లో ప్రభుత్వము దానిని నిలిపివేసెను.

"అయితే అంతా దండగేనా?" అని అబ్బాయి అడిగెను. "మన గుడి దగ్గరకు పోయి ఆ మాట అడుగు" అని వాళ్ల అమ్మ నవ్వెను. ఆమె చెప్పినదే సరియైన జవాబు. ఈ పనిని నడిపించిన హేగు అను ఇంజనీరు దొర, నదిని కొలుచుటతో తృప్తిపడలేదు. చుట్టునున్న కోయ జనులకు సువార్త చెప్పువారు లేరని బాధపడెను. ఆయనవలన ఈ మిషను ప్రారంభమాయెను. ఆయన క్రింద సర్కారు కొలువులో ఉండిన వెంకటరామరాజు గారు క్రీస్తును నమ్మి, కొలువు విడిచి, కోయలకు బోధకుడై, తరువాత గురువుగా అభిషేకము పొందెను. చర్చి మిషనరీ సొసైటీవారు పంపిన జాన్ కెయిను దొర ఇక్కడ బహు సంవత్సరములుండి కోయ భాష నేర్చి, దానినిగూర్చి వ్రాసెను. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు, ఆంగ్లికన్ మిషనుల సంఘములు ఇతర సంఘములతో కలిసి దానిలో చేరెను.

ప్రత్తి పడవలు రాలేదు. అయినను కోయ బిడ్డ పలక పట్టెను. దొరల లెక్కపుస్తకములలో మొదటిదే పెద్ద పని. రెండవదానికి ఆ లెక్కలలో స్థలము లేదు.

2. నేలకొండపల్లి ఇటుకలు

మరునాడు బస్సులో ఖమ్మము పోయి, బంధువుల యింట ఉండి, నేలకొండపల్లి చూచితిమి. భద్రాచలము గుడి కట్టించిన కంచర్ల గోపన్న పుట్టిన ఊరు అదే. ఊరి బయట మట్టికోట ఆనవాళ్లు, ఇటుకల పెద్ద స్తూపము, బౌద్ధ భిక్షువులు నివసించిన విహారముల పునాదులు ఉన్నవి. పురావస్తు శాఖవారు మట్టి తొలగించి వీటిని వెలికి తీసిరి. అవి పదిహేను వందల ఏండ్లకు పైబడినవి. అక్కడివారు దీనిని విరాటరాజు కోట అని చెప్పుకొందురు.

మా అమ్మాయి భిక్షువుల గదులను అడుగులతో కొలిచి, "మన వంటగదికంటె చిన్నవి" అనెను. ఆ చిన్న గదులలో కూర్చుండియే వారు నేర్చిరి, నేర్పిరి. కప్పు పోయెను, గోడ పోయెను. అయినను ఆ కాలమునందు ఆంధ్రదేశములో నేర్పబడిన బోధ సముద్రము దాటెను. నాగార్జునకొండలో సింహళ భిక్షువులకు ప్రత్యేకముగా ఒక విహారమే ఉండెను. వారి మార్గము మన మార్గము కాదు. కాని బోధ నిలుచునది ఇటుకలలో కాదు, శిష్యులలో అను సంగతి ఆ పాడుదిబ్బలును మనకు చెప్పుచున్నవి.

3. నదిమీద

తిరిగి భద్రాచలము వచ్చి, శబరి గోదావరిలో కలియు కూనవరము మీదుగా పోచవరము చేరి పడవ ఎక్కితిమి. 2014లో ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన మండలములివి. పడవవాడు అందరికిని తేలు చొక్కాలు ఇచ్చెను. నేను దానిని మడిచి క్రింద వేసికొని కూర్చుంటిని. "నాన్నా, నువ్వు వేసుకోవా?" అని అమ్మాయి అందరి ఎదుట అడిగెను. సిగ్గుపడి తొడుగుకొంటిని. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగి ఎందరో ప్రాణములు కోల్పోయినది ఈ నదిలోనే. 1986 ఆగస్టులో భద్రాచలము దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71 అడుగులు దాటిన వరద చూచిన మనము దీనిని ఆటగా ఎంచరాదు. అజాగ్రత్త విశ్వాసము కాదు. ప్రభువును శోధింపకూడదని మత్తయి 4వ అధ్యాయము నేర్పుచున్నది.

రెండు వైపుల కొండలు దగ్గరకు వచ్చినప్పుడు పిల్లలు మాట మరచి చూచిరి. దేవుని చేతిపనిని చూచి నా మనస్సును ఉప్పొంగెను. అయితే ఒడ్డున కొన్ని చోట్ల కప్పులేని యిండ్లు కనబడినవి. అవి పాతకాలపు శిథిలములు కావు. పోలవరము ఆనకట్ట పనివలన 2021 మొదలుకొని నది నీరు స్పిల్‌వే మీదుగా మళ్లింపబడినది. ముంపులోనికి వచ్చు ఊళ్లనుండి కోయలును కొండరెడ్లును లేచిపోవలసి వచ్చినది. మనము చూచి ఆనందించు దారి వారు కోల్పోవు ఇల్లు.

పేరంటపల్లి దగ్గర పడవ ఆగెను. వెదురుతో చేసిన పూలబుట్టలు అమ్ముచున్న ఒక తల్లి దగ్గర మా ఆవిడ ఒక బుట్ట కొనెను. "మీరును ఎత్తైన చోటికి పోవలెనా అమ్మా?" అని నేను అడిగితిని. పోవలసిందేనని ఆమె తల ఊపెను. ఇల్లు గూర్చి, చెట్లు గూర్చి చెప్పునని ఎదురుచూచితిని. ఆమె, "ఆడ మా పిల్లలకు సదువు చెప్పేటోళ్లు ఉంటారా అయ్యా? మీకు తెలుసా?" అని అడిగెను.

నాకు తెలియదంటిని. పడవ తిరిగి వచ్చునంతసేపును ఆ మాట నన్ను విడువలేదు.

4. నెహెమ్యా గ్రంథములోని వరుస

ఇంటికి వచ్చి నెహెమ్యా గ్రంథము తెరచితిని. రెండవ అధ్యాయములో ఆయన రాత్రివేళ కొందరితో పోయి కూలిన ప్రాకారమును, కాలిన గుమ్మములను పరిశీలించెను. ఎవరికిని చెప్పక ముందు తానే చూచెను. పాడైన దానిని చూచుట తప్పించుకొనువాడు దానిని కట్టలేడు.

ఆరవ అధ్యాయములో ఏబదిరెండు దినములలో ప్రాకారము ముగిసెను. అక్కడితో కథ ముగియవలెనని మనకు తోచును. కాని ఏడవ అధ్యాయము నాలుగవ వచనము చూడుడి. పట్టణము విశాలముగా నున్నది, జనులు కొద్దిమంది. గోడ ఉన్నది, లోపల మనుష్యులు లేరు.

అప్పుడు ఎనిమిదవ అధ్యాయములో ప్రజలందరును నీటి గుమ్మము ఎదుట కూడిరి. పురుషులు, స్త్రీలు, గ్రహింపగలిగిన పిల్లలును వచ్చిరి. ఎజ్రా ధర్మశాస్త్రమును చదివెను. లేవీయులు జనులకు అర్థమగునట్లు వివరించిరి. చదువుట చాలలేదు, అర్థమగువరకు చెప్పిరి. గోడ కట్టుటకు ఏబదిరెండు దినములు పట్టెను. గ్రహింపజేయు పనికి ఆ గ్రంథములో గడువు వ్రాయబడలేదు.

5. నా తప్పు, మన పని

సహోదరులారా, మూడేండ్లుగా నేను గుడి ఆవరణ గోడకును ముఖద్వారమునకును చందాలు వసూలు చేయుచున్నాను. ఇంటింటికి తిరిగితిని. పొలములకును వచ్చితిని. ఆ మూడేండ్లలోనే మన సాయంకాలపు చదువుల తరగతి నిలిచిపోయెను. చెప్పుచుండిన సహోదరి పెండ్లియై వెళ్లిన పిమ్మట మరియొకరిని వెదకలేదు. వెదకవలసినది నేనే. గత ఏడు బాప్తిస్మపు తరగతిలో ఒక చిన్నవాడు బైబిలు తలక్రిందుగా పట్టుకొని కంఠస్థము చేసిన వాక్యమును చదువుచున్నట్లు చెప్పెను. నేను చూచియు చూడనట్లుంటిని. గోడ కొలతలు నాకు నోటికి వచ్చును. ఆ బిడ్డకు అక్షరములు రావని తెలిసియు ఊరకుంటిని.

గోడ వద్దని నేను చెప్పను. పశువులు లోపలికి వచ్చుచున్నవి, సమాధులను త్రొక్కుచున్నవి. నెహెమ్యాయును గోడ కట్టెను. అయితే గోడ ముగిసిన పిమ్మట పిల్లలను చూతమనుకొన్నయెడల ఆ పిల్లలు మనకొరకు ఎదుగక ఆగరు. ఈ సంగతి కమిటీలో చెప్పితిని. పెద్దలందరును ఒప్పుకొనలేదు. ఇచ్చిన చందా గోడకేనని ఒకరు గట్టిగా చెప్పిరి. ఆయన మాట న్యాయమే. ఆ సొమ్ము ముట్టము. తరగతికి సొమ్ముకంటె మనుష్యులు కావలెను.

కాబట్టి బుధవారము సాయంకాలము గుడి వసారాలో నేనే తరగతి మొదలుపెట్టితిని. మూడు వారములైనది. మొదటి దినమున ఐదుగురు, రెండవ దినమున ముగ్గురు, మూడవ దినమున పదకొండుగురు వచ్చిరి. బైబిలు తలక్రిందుగా పట్టిన చిన్నవాడు ఇంకను రాలేదు. వాని యింటికి ఈ వారము పోవుదును. పదవ తరగతి చదివిన యౌవనులారా, వారమునకు ఒక గంట ఇవ్వగలవారు నాతో మాటలాడుడి.

కుటుంబముగా ఆలోచించుటకు ప్రశ్నలు

1. మన ఊరిలో విడిచిపెట్టబడిన పని ఏది? దానిని చూచుటకు ఎందుకు వెనుదీయుచున్నాము?
2. నెహెమ్యా 7:4 మన సంఘమునకు ఎట్లు వర్తించును?
3. మన యింటిలో చదువురానివారికి వాక్యము అర్థమగునట్లు వివరించువారు ఎవరు?
4. నదివలన ఇండ్లు కోల్పోవు పొరుగువారు మన సంఘము దగ్గరకు వచ్చినయెడల, వారి పిల్లలకు మనము ఏమి ఇవ్వగలము?

ప్రార్థన

ప్రభువా, మేము కట్టిన వాటిని చూచుకొని మురిసిపోయితిమి, నీవు అప్పగించిన చిన్నవారిని మరచితిమి. మమ్మును క్షమించుము. ఇల్లు విడిచిపోవు వారికి తోడుగా నుండుము. బోధించువారికి ఓపికను, నేర్చుకొనువారికి ఆశను దయచేయుము. ఆమేన్.