కు.ని. ఆపరేషన్: అర్హత ఎవరికి, సెలవు ఎన్నాళ్లు

భర్త సంతకం లేనిదే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయరని చాలామంది అనుకుంటారు. ఆ సంతకం అక్కర్లేదు. ప్రభుత్వాసుపత్రిలో ఉచితంగా చేసే ఆపరేషన్లకు కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం, చేయించుకునే మనిషి ఒప్పుకుంటే చాలు. సమ్మతి పత్రంలో ఏముందో తెలిసే భాషలో చెప్పాలి. మత్తులో ఉన్నప్పుడు సంతకమో వేలిముద్రో తీసుకోకూడదు. మగవాళ్లకూ ఇదే నియమం, భార్య సంతకం అడగరు.

మరి ఏం చూస్తారు? పెళ్లయి ఉండాలి. ఆడవాళ్లకు 22 నుంచి 49 ఏళ్ల మధ్య వయసు, మగవాళ్లకు 60 లోపు. కనీసం ఒక బిడ్డ ఉండాలి, ఆ బిడ్డకు ఏడాది దాటాలి. దంపతుల్లో ఎవరికీ అంతకుముందు ఈ ఆపరేషన్ జరిగి ఉండకూడదు, జరిగి విఫలమైతే తప్ప. ‘ఇద్దరు పిల్లలుంటేనే’, ‘మగపిల్లాడు పుట్టాకే’ అనేవి నిబంధనల్లో ఎక్కడా లేవు. అత్తగారి నోట సరే, ఒక్కోసారి ఓపీ బల్ల వెనకనుంచీ వినిపిస్తాయి. పెళ్లి కానివాళ్లకూ, పిల్లలే వద్దనుకున్న జంటలకూ మాత్రం, వైద్యపరంగా అవసరమైతే తప్ప, ఈ పథకంలో చోటు లేదు. నలభయ్యేళ్ల మనిషి ఆలోచించి తీసుకున్న నిర్ణయానికి విలువ లేకపోవడం నాకు సబబనిపించదు. కానీ దానిమీద పీహెచ్‌సీ సిబ్బందితో గొడవపడి లాభం లేదు, నియమం వాళ్లు పెట్టింది కాదు.

బిడ్డకు ఏడాది దాటాలన్న నిబంధన తికమక పెట్టేది కాన్పు దగ్గర. రెండో కాన్పుకు వచ్చిన తల్లికి పెద్దబిడ్డ వయసు సరిపోతుంది కాబట్టి ప్రసవమైన ఏడు రోజుల్లోపే చేసేస్తారు. ఆ వారం దాటిపోతే ఆరు వారాలు ఆగి రమ్మంటారు. తొలి కాన్పే చాలనుకున్నవాళ్లు బిడ్డ పుట్టినరోజు దాకా వేరే పద్ధతి వాడుకోవాల్సిందే. హిమోగ్లోబిన్ 7 గ్రాములకు తక్కువుంటే ముందు రక్తహీనతకు మందులిస్తారు.

ఇక సెలవు. ఎక్కువమంది నష్టపోయేది ఇక్కడే. ఫ్యాక్టరీలోనో, పదిమందికి తగ్గకుండా పనిచేసే సంస్థలోనో ఉన్న మహిళకు ట్యూబెక్టమీ తర్వాత రెండు వారాలు జీతంతో సెలవు చట్టబద్ధమైన హక్కు. 1961 నాటి ప్రసూతి ప్రయోజన చట్టంలో 1995లో చేర్చారు, కొత్త సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది. ఆపరేషన్ జరిగినట్టు ఆసుపత్రి కాగితం చూపాలి. జీతంలో ఈఎస్ఐ కోత పడుతుంటే ఆ డబ్బు యజమాని కాదు, ఈఎస్ఐయే ఇస్తుంది: మహిళలకు 14 రోజులు, మగవాళ్లకు 7 రోజులు, పూర్తి వేతనం. మామూలు జబ్బు సెలవుకు వచ్చేది 70 శాతమే. కాబట్టి సర్టిఫికెట్ మీద ఆపరేషన్ పేరు స్పష్టంగా రాయించుకోండి. ‘అస్వస్థత’ అని రాస్తే 30 శాతం పోయినట్టే. కాంట్రాక్టర్ కింద పనిచేసేవాళ్లు ఆసుపత్రికి వెళ్లకముందే తమ ఈఎస్ఐ నంబరు పనిచేస్తోందో లేదో చూసుకోవడం మంచిది.

రాష్ట్ర ప్రభుత్వోద్యోగులకు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నాటి ఉత్తర్వుల ప్రకారం స్పెషల్ క్యాజువల్ లీవ్ ఉంది. ట్యూబెక్టమీకి 14 రోజులు, మగవాళ్లకు చేసే వేసెక్టమీకి 6 రోజులు, భార్య చేయించుకుంటే భర్తకు 7 రోజులు. మామూలు సీఎల్‌లోంచి కోయరు. దినకూలీలకు సెలవన్నదే లేదు. కూలి పోయినందుకని మన తెలుగు రాష్ట్రాల్లో మగవాళ్లకు 1,100, పేద, ఎస్సీ, ఎస్టీ మహిళలకు 600, మిగతా మహిళలకు 250 రూపాయలుగా కేంద్రం 2007లో ఖరారు చేసింది. రెండు వారాల కూలికి అది ఏ మూలకు?

ఆ లెక్కన మగవాడు చేయించుకుంటేనే ఇంటికి నష్టం తక్కువ. కోత లేని వేసెక్టమీ ఆ చోటు మొద్దుబార్చే ఇంజెక్షన్‌తో పావుగంట పని, రెండు రోజుల విశ్రాంతి. బరువులెత్తడం, సైకిల్ తొక్కడం వారం దాకా వద్దు. మగతనం తగ్గదు, నడుం పడిపోదు. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్ పెళ్లయిన మహిళల్లో దాదాపు 70 శాతం ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే, మగవాళ్ల వంతు ఒక్క శాతం కూడా లేదు. మగవాళ్లు మరిచిపోకూడని సంగతొకటుంది: వేసెక్టమీ వెంటనే పనిచేయదు. మూడు నెలలు కండోమ్ వాడి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాకే సర్టిఫికెట్ ఇస్తారు.

ఆ సర్టిఫికెట్, డిశ్చార్జి కాగితం పారేయకండి. అరుదుగానైనా ఆపరేషన్ విఫలమవుతుంది. నెల తప్పితే రెండు వారాల్లోపు ఆసుపత్రికి వెళ్లి చెప్పాలని సమ్మతి పత్రంలోనే ఉంటుంది. విఫలమైనా, ఆపరేషన్ వల్ల ఆరోగ్యం దెబ్బతిన్నా, ప్రాణం పోయినా ప్రభుత్వ పరిహార పథకం ఉంది. దరఖాస్తుకు ముందుగా అడిగేది ఆ కాగితాలే.