ఇంజను ఆదాయ వ్యయాలు

కారు ఇంజను ఉమ్మడి కుటుంబ యజమాని వంటిది. అది ఆర్జించిన శక్తి యావత్తూ చక్రాలకు చేరదు. బ్యాటరీని ఛార్జి చేసే ఆల్టర్నేటర్, ఇంజను వేడిని తొలగించడానికి నీటిని ప్రవహింపజేసే వాటర్ పంపు, స్టీరింగును తేలికపరిచే పవర్ స్టీరింగ్ పంపు, ఏ.సి. కంప్రెసర్ మొదలైనవి దాని ఆశ్రితులు. క్రాంక్ షాఫ్ట్ కొసన అమర్చిన కప్పి నుండి రబ్బరు బెల్టు ద్వారా వీటికి చలనం అందుతుంది.

ఈ పోషణ వ్యయాన్ని తగ్గించే ఉపాయమే అండర్‌డ్రైవ్ కప్పి. క్రాంక్ కప్పిని చిన్నదిగా గాని, పరికరాల కప్పిని పెద్దదిగా గాని మారిస్తే, ఇంజను వేగం మారకపోయినా పరికరాల వేగం తగ్గుతుంది. క్రాంక్ కప్పి వ్యాసం 150 మిల్లీమీటర్లు, ఆల్టర్నేటర్ కప్పి వ్యాసం 60 మిల్లీమీటర్లు అనుకొందాం. ఇంజను ఒకసారి తిరిగితే ఆల్టర్నేటర్ రెండున్నర సార్లు తిరుగుతుంది. క్రాంక్ కప్పిని 120 మిల్లీమీటర్లకు కుదిస్తే రెండుసార్లే తిరుగుతుంది. అనగా వేగం 20 శాతం తగ్గుతుంది.

దీనివలన కలిగే లాభం స్వల్పమైనదేమీ కాదు. వాటర్ పంపు వినియోగించే శక్తి దాని వేగపు ఘనానికి అనులోమానుపాతంలో ఉంటుంది. వేగం 0.8 వంతైతే శక్తి సుమారు 0.51 వంతు చాలు. ఆల్టర్నేటర్ విషయం వేరు. దాని భారం దీపాలు, ఫ్యాన్లు కోరే విద్యుత్తును బట్టి ఉంటుంది గనుక అంత ఆదా లభించదు. ఏమైనా, ఇంజను కొత్తగా శక్తిని సృష్టించడం లేదు; మిగిల్చిన శక్తిని చక్రాలకు అందిస్తున్నదంతే. ఇంజను నిరంతరం అధిక వేగంతో తిరిగే పందెపు కార్లకు ఇది ఎక్కువగా ఉపకరిస్తుంది. అమెరికాలో ఫోర్డ్ మస్టాంగ్ వంటి కార్లకు ఇటువంటి కప్పులు ప్రత్యేకంగా లభిస్తాయి.

నగర వీథులలో పరిస్థితి భిన్నం. కూడలి వద్ద ఆగిన కారు ఇంజను నిమిషానికి 800 సార్లు తిరుగుతున్నదనుకొంటే, ఆల్టర్నేటర్ వేగం 2000 నుండి 1600కు పడిపోతుంది. రాత్రివేళ దీపాలు, ఏ.సి. ఫ్యాను కలిసి పనిచేస్తుంటే విద్యుత్తు చాలక, కొరవను బ్యాటరీ భరించవలసి వస్తుంది. నీటి ప్రవాహం మందగించి ఇంజను వేడెక్కవచ్చు. స్టీరింగు బరువెక్కవచ్చు. మరొక ప్రమాదమూ ఉంది. అనేక ఇంజన్లలో క్రాంక్ కప్పిలోనే, షాఫ్టు మెలి కంపనాలను అణచే రబ్బరు వలయం ఇమిడి ఉంటుంది. అది లేని తేలికపాటి లోహపు కప్పిని బిగిస్తే, కాలక్రమాన క్రాంక్ షాఫ్ట్‌కే ముప్పు వాటిల్లవచ్చు.

అందుచేత వాహన నిర్మాతలు మరొక మార్గం తొక్కారు. పరికరాలను విద్యుత్ మోటార్లతో నడిపితే, అవసరమైనప్పుడే, అవసరమైనంతే శక్తి వెచ్చించవచ్చు. 2009లో వెలువడిన మూడవ తరం టయోటా ప్రియస్ ఇంజనుకు ఇటువంటి బెల్టే లేదు. పోషణను అన్ని వేళలా ఒకే తీరున కత్తిరించడం కన్న, అవసరమెరిగి వెచ్చించడమే వివేకమైన పొదుపు.

అర్థాలు
ఆర్జించు = సంపాదించు
ఆశ్రితులు = ఆధారపడి జీవించేవారు
కొరవ = లోటు

ప్రశ్నలు
1. అండర్‌డ్రైవ్ కప్పి పనిచేసే విధానాన్ని ఉదాహరణతో వివరించండి.
2. పందెపు కారుకు మేలు చేసే కప్పి నగరంలో తిరిగే కారుకు ఎందుకు హాని చేయవచ్చు?
3. ఇంజనును ఉమ్మడి కుటుంబ యజమానితో పోల్చడంలోని ఔచిత్యాన్ని తెలపండి.