సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ కాకపోతే: లేని పనిముట్టును కనిపెట్టడం ఎలా?

పన్నెండో తరగతి కంప్యూటర్ సైన్స్‌లో పైథాన్ ప్రోగ్రామును మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌తో కలపడం ఒక ముఖ్యమైన పాఠం. ప్రాజెక్టు కోసం మనలో కొందరు ఉబుంటు లినక్స్ ఉన్న కంప్యూటర్‌లో టెర్మినల్ తెరిచి ‘పిప్ ఇన్‌స్టాల్ మైఎస్‌క్యూఎల్‌క్లయింట్’ అని టైపు చేస్తారు. వెంటనే తెర నిండా ఎర్రర్ వరుసలు వచ్చి పడతాయి. అవి చూసి ‘ప్రోగ్రామింగ్ మన వల్ల కాదు’ అనుకునేవారు చాలామంది. నిజానికి అక్కడ మన ప్రోగ్రాములో తప్పేమీ లేదు. కంప్యూటర్‌లో ఉండవలసిన డెవలపర్ పనిముట్టు ఒకటి లేదు, అంతే. అది ఏదో ఆ వరుసల్లోనే రాసి ఉంటుంది.

ఎందుకిలా జరుగుతుంది?

ఇడ్లీ చేయడానికి దుకాణంలో పిండి కొనుక్కోవచ్చు. లేదా మినప్పప్పు, ఇడ్లీ రవ్వ తెచ్చి ఇంట్లోనే తయారు చేసుకోవచ్చు. రెండో పద్ధతికి ఇంట్లో గ్రైండర్ ఉండాలి.

పైథాన్ ప్యాకేజీలూ ఇలాగే రెండు రకాలుగా వస్తాయి. ముందే తయారుచేసి పెట్టినదాన్ని ‘వీల్’ అంటారు. అది దొరికితే పిప్ దాన్ని దించి నేరుగా అమరుస్తుంది. వీల్ లేకపోతే సోర్స్ కోడ్‌ను దించి, మన కంప్యూటర్‌లోనే తయారు చేయాలని చూస్తుంది. మైఎస్‌క్యూఎల్‌క్లయింట్‌లో కొంత భాగం సి భాషలో రాసి ఉంది. లినక్స్‌లో దాన్ని సోర్స్ నుంచే తయారు చేసుకోవాలి. అందుకు సి కంపైలర్, దానికి తోడు మరికొన్ని ఫైళ్లు కావాలి. కొత్తగా ఉబుంటు వేసిన కంప్యూటర్‌లో ఇవన్నీ ఉండకపోవచ్చు.

సందేశాన్ని ఎలా చదవాలి?

చాలామంది చివరి వరుస మాత్రమే చూస్తారు. అందులో తయారీ విఫలమైందని ఉంటుందే కాని, కారణం ఉండదు. కాబట్టి పైకి వెళ్లి ‘నాట్ ఫౌండ్’ లేదా ‘నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ’ అన్న మాటలు మొదట ఎక్కడ వచ్చాయో వెతకాలి. వాటి పక్కనున్న పేరే మనకు లేని వస్తువు. ఈ తప్పు బహుశా పిప్‌ది కాదని పిప్ కూడా ఒక గమనికలో చెబుతుంది. కనుక పిప్‌ను తీసేసి మళ్లీ వేసినందువల్ల లాభం ఉండదు.

మన ఉదాహరణలో సాధారణంగా ఎదురయ్యే అడ్డంకులు నాలుగు:

1. ‘పీకేజీ-కాన్ఫిగ్ నాట్ ఫౌండ్’. కావలసిన లైబ్రరీ డిస్కులో ఎక్కడుందో కంపైలర్‌కు చెప్పే చిన్న పనిముట్టు ఇది. ‘పీకేజీ-కాన్ఫిగ్’ అన్న పేరుతోనే దొరుకుతుంది.

2. సరైన పీకేజీ-కాన్ఫిగ్ పేరు దొరకలేదన్న సందేశం. పనిముట్టు వచ్చింది కాని, వెతికిన మైఎస్‌క్యూఎల్ లైబ్రరీ లేదని దీని అర్థం. ‘డిఫాల్ట్-లిబ్‌మైఎస్‌క్యూఎల్‌క్లయింట్-డెవ్’ అనే ప్యాకేజీ వేయాలి.

3. ‘జీసీసీ: నో సచ్ ఫైల్’. సి కంపైలరే లేదు. ‘బిల్డ్-ఎసెన్షియల్’ వేస్తే జీసీసీతో పాటు జీ++, మేక్ కూడా వస్తాయి. జీసీసీని రిచర్డ్ స్టాల్‌మన్ గ్నూ ప్రాజెక్టు కోసం రాసి 1987లో విడుదల చేశారు.

4. ‘పైథాన్.హెచ్: నో సచ్ ఫైల్’. ఇది చూసి పైథాన్ పోయిందేమోనని కంగారు పడతారు. పైథాన్ ఉంది. దానితో కలిసి పనిచేసే సి కోడ్ తయారీకి కావలసిన హెడర్ ఫైలు లేదు. ‘పైథాన్3-డెవ్’ వేస్తే సరిపోతుంది. మనం వేరే వెర్షన్ పైథాన్ వాడుతుంటే, ఆ వెర్షన్‌కు చెందిన డెవ్ ప్యాకేజీయే వేయాలి.

ఉబుంటులో ఏ ప్యాకేజీకైనా ముందు ‘సుడో ఆప్ట్ అప్‌డేట్’, తరువాత ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్’ అని రాసి ప్యాకేజీ పేరు ఇవ్వాలి. కమాండ్లన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలలో టైపు చేయాలి. పేరు చివర ‘డెవ్’ అని ఉంటే, అది ఆ లైబ్రరీతో కొత్త ప్రోగ్రాములు తయారు చేసేవారి కోసమని గుర్తు.

ఒక్కొక్క లోటు తీర్చిన తరువాత మొదటి పిప్ కమాండ్‌నే మళ్లీ ఇవ్వాలి. మళ్లీ ఎర్రర్ వచ్చినా నిరాశ పడకూడదు. సందేశం మారిందంటే ఒక మెట్టు ఎక్కినట్టే. అదే సందేశం మళ్లీ వస్తే మనం వేసినది సరైనది కాదని అర్థం. కంపైలర్ వచ్చిందో లేదో చూడాలంటే ‘జీసీసీ --వెర్షన్’ అని అడిగితే చాలు.

ఇతర కంప్యూటర్లలో

విండోస్‌లో ఇలాంటి లోటు ఉంటే ‘మైక్రోసాఫ్ట్ విజువల్ సి++ 14.0 లేదా అంతకు మించినది కావాలి’ అన్న సందేశం వస్తుంది. అప్పుడు మైక్రోసాఫ్ట్ బిల్డ్ టూల్స్ వేయాలి. మ్యాక్‌లో ‘ఇన్‌వాలిడ్ యాక్టివ్ డెవలపర్ పాత్’ అని వస్తే ‘ఎక్స్‌కోడ్-సెలెక్ట్ --ఇన్‌స్టాల్’ అన్న కమాండ్ ఇవ్వాలి. సిస్టమ్‌ను కొత్త వెర్షన్‌కు మార్చిన తరువాత మ్యాక్‌లో ఇది తరచు ఎదురవుతుంది. సందేశాలు వేరైనా చెప్పే విషయం ఒకటే.

కొన్ని జాగ్రత్తలు

‘సుడో’ అంటే కంప్యూటర్ యజమాని అధికారంతో పని చేయించడం. అర్థం తెలియని కమాండ్‌ను ఎక్కడినుంచో తెచ్చి సుడోతో నడపకూడదు. పాఠశాల ల్యాబ్‌లో అయితే ఉపాధ్యాయుల అనుమతి తప్పనిసరి. పైథాన్ ప్యాకేజీలను సుడో పిప్‌తో కాకుండా ‘వెన్వ్’తో తయారు చేసుకున్న విడి వాతావరణంలో వేసుకుంటే సిస్టమ్‌కు ఇబ్బంది రాదు.

మరో మాట. గ్రైండర్ కొనే ముందు, పిండి దొరుకుతుందేమో చూడాలి. మన పాఠానికి వాడే ‘మైఎస్‌క్యూఎల్-కనెక్టర్-పైథాన్’ ముందే తయారైన రూపంలో దొరుకుతుంది. దానికి కంపైలర్ అవసరం లేదు. పరీక్ష దగ్గరపడినప్పుడు ఇదే సులువైన దారి.

ఈసారి ఎర్రర్ వస్తే టెర్మినల్ మూసేయకుండా నోటుపుస్తకంలో మూడు గడులు గీయండి: వచ్చిన సందేశం, లేని వస్తువు, వేసిన ప్యాకేజీ. నాలుగైదు వరుసలు నిండేసరికి, పక్కవారి కంప్యూటర్‌లో సమస్య వచ్చినప్పుడు కూడా మీరే సాయం చేయగలుగుతారు.