సిజేరియన్ కాన్పు: పంచాయతీ సభ్యులు తెలిసికొనవలసిన విషయములు

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతములలో "పెద్ద ఆపరేషన్" అను మాట వినని పల్లె అరుదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42.4 కాన్పులు సిజేరియన్‌లే. దేశము మొత్తముపై ఈ సంఖ్య 21.5 మాత్రమే.

ఎప్పుడు అవసరము?

బిడ్డ అడ్డము తిరిగినను, మాయ గర్భాశయ ద్వారమును మూసినను, బిడ్డ గుండె చప్పుడు మందగించినను శస్త్రచికిత్స అవసరము కావచ్చును. అట్టి సమయమున ఆలస్యము ప్రాణాపాయము. అయితే ముహూర్తము కొరకో, నొప్పులకు వెరచియో ఆపరేషన్ కోరుట తగదు.

వైద్యులు సాధారణముగా వెన్నులో మత్తుమందు ఇచ్చి, పొత్తికడుపును, గర్భాశయమును కోసి, బిడ్డను తీసి, కుట్లు వేయుదురు. పైకి గీతవలె కనబడినను లోపలి గాయము పెద్దది.

బాలింత సంరక్షణ

వైద్యుని అనుమతితో మొదటి దినముననే లేచి మెల్లగా నడువవలెను. దానివలన కాళ్లలో రక్తము గడ్డకట్టు ప్రమాదము తగ్గును. ఆపరేషన్ అయినను మొదటి గంటలోనే బిడ్డకు చనుపాలు పట్టవచ్చును. చీము పట్టునని పప్పు, నీరు మాన్పించుట పొరపాటు. పప్పు, ఆకుకూర, గ్రుడ్డు, రాగి సంగటి, తగినంత నీరు గాయము మానుటకు తోడ్పడును. ఆరు వారములు నీళ్ల బిందెలు, కట్టెల మోపులు ఎత్తరాదు. ధర్మవరపు చేనేత గృహిణులు వైద్యుని అడిగిన పిదపనే మగ్గము గుంటలో దిగవలెను.

జ్వరము, కుట్లనుండి చీము, అధిక రక్తస్రావము, కాలివాపు, ఆయాసము, తీవ్రమైన తలనొప్పి కనబడిన వెంటనే 108కు ఫోను చేయవలెను. మరుసటి కాన్పునకు కనీసము రెండేండ్ల ఎడముండుట మేలు. గర్భాశయముపై పాత కుట్టు విడిపోవు ప్రమాదము కలదు గనుక, ఆ కాన్పు ఆసుపత్రిలోనే జరుగవలెను.

పంచాయతీ కర్తవ్యము

2011లో ప్రారంభమైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద ప్రభుత్వాసుపత్రులలో సిజేరియన్, మందులు, రక్తము, ఏడు దినముల వరకు భోజనము, ఇంటికి చేర్చు వాహనము ఉచితము. అప్పు చేయవలసిన పనిలేదని ప్రతి కుటుంబమునకు తెలుపుడు. ఆశా కార్యకర్త వద్దనున్న గర్భిణుల జాబితాను ప్రతి నెల పరిశీలింపుడు. వానకాలమునకు ముందే అంబులెన్సు వచ్చు బాటను బాగుచేయింపుడు. రక్తదాతల పేర్లు సిద్ధముగా ఉంచుడు. నడిరేయి నొప్పులు వచ్చిన తల్లికి ఈ ముందుచూపే రక్ష.