కెమెరా కంటికి రంగుల గవాక్షాలు

డిజిటల్ కెమెరాలో ఫిల్ము స్థానాన్ని ఆక్రమించిన సెన్సర్ అనే సిలికాన్ ఫలకానికి స్వతహాగా రంగులు తెలియవు. దానిపై అమరిన లక్షలాది సూక్ష్మ గ్రాహకాలు తమపై ఎంత కాంతి పడినదో మాత్రమే కొలవగలవు. ఆ కాంతి ఎరుపో నీలమో చెప్పజాలవు. మరి మనం చూచే వర్ణచిత్రం ఎక్కడినుండి వచ్చినట్లు?

జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ 1861లో ఒకే వస్తువును ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్ల ద్వారా మూడుసార్లు చిత్రింపజేసి, మూడింటినీ తెరపై ఒకటిగా కలిపి ప్రదర్శించాడు. కదలే వస్తువుకు ఆ పద్ధతి పనికిరాదు. ఈస్ట్‌మన్ కొడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన ఏర్పాటులో ఒక్కొక్క గ్రాహకంపై ఒక్కొక్క రంగు ఫిల్టరు ఉంటుంది. ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. ఆకుపచ్చకు ఈ అగ్రతాంబూలమెందుకంటే, వెలుగునీడల సూక్ష్మ భేదాలను మన కన్ను అధికంగా ఆ రంగు ప్రాంతంలోనే గుర్తిస్తుంది.

అసలు చిక్కు ఇక్కడనే ఉన్నది. 2 కోట్ల 40 లక్షల గ్రాహకాలున్న కెమెరాలో ఎరుపును నిజంగా కొలిచేవి 60 లక్షలే. మిగిలిన 1 కోటి 80 లక్షల చోట్ల ఎరుపు పాలు ఎంతో ఇరుగుపొరుగు గ్రాహకాలను బట్టి గణించి పూరించవలసినదే. అనగా ప్రతి చిత్రబిందువులోని మూడు వర్ణాంశాలలో రెండు ఊహించినవే! ఆకాశం, సున్నం వేసిన గోడ వంటి చోట్ల ఈ ఊహ చక్కగా సరిపోతుంది. సన్నని గళ్ళచీరను చిత్రించినప్పుడు మాత్రం నేతలోని పోగుల వరుస, గ్రాహకాల వరుస ఒకదానితో ఒకటి పొసగక, వస్త్రంలో లేని అలలు, రంగురంగుల చారలు చిత్రంలో ఏర్పడతాయి. దీనికి మోయిరే అని పేరు.

నివారణకై సెన్సర్ ముందు ఒక స్ఫటికపు పలకను అమర్చే పద్ధతి కలదు. ద్వివక్రీభవనం వలన అది కిరణాన్ని స్వల్ప దూరంలో చీల్చి చిత్రాన్ని కొద్దిగా మసకపరుస్తుంది. చారలు తగ్గుతాయి; వాటితోబాటే సూక్ష్మ వివరాలూ తగ్గుతాయి. 2012లో నికాన్ సంస్థ 3 కోట్ల 60 లక్షల గ్రాహకాల డి800 కెమెరాను, ఆ మసకను రద్దుచేసిన డి800ఇ కెమెరాను రెండింటినీ తెచ్చి, ఎంపికను కొనువారికే వదలివేసినది. అదే సంవత్సరం లైకా సంస్థ రంగు ఫిల్టర్లనే తొలగించిన మోనోక్రోమ్ కెమెరాను వెలువరించినది. అందులో ఊహతో పనిలేదు, వివరం నిండుగా వస్తుంది. కాని చిత్రం నలుపు తెలుపే. చేనేత వస్త్రాలను చిత్రించేవారికి స్ఫటికపు పలకయే మేలని నా అభిప్రాయం. పోయిన స్పష్టతను కొంతవరకు తరువాత సవరించవచ్చును. వస్త్రంపై పడిన దొంగరంగును తుడిచివేయుట కష్టం.

పరారుణ కాంతిని అడ్డగించే ఫిల్టరు మరొకటి ఉన్నది. 2006లో వచ్చిన లైకా ఎం8లో ఈ పొర బలహీనంగా ఉన్నందున కొన్ని నల్లని కృత్రిమ వస్త్రాలు ఊదారంగులో కనిపించాయి. కంటికి అందని కాంతిని ఆ వస్త్రాలు వెదజల్లగా సెన్సర్ గ్రహించినది. చివరకు ఆ సంస్థ, కటకం ముందు బిగించుకొనే ఫిల్టర్లను కెమెరా కొన్నవారికి ఇవ్వవలసివచ్చినది.